పొగమంచుకు తెరిచిన తలుపులు

గత వారం నేను ఆసుపత్రి నడవాలో నిలబడి ఉన్నాను. అద్దానికి అవతల గొట్టాల మధ్య ఓమా క్రచర్ పడుకుని ఉంది. మా ఊరి చర్చిలో ఆర్గన్ వాయించే ఓమా. క్యాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులను తట్టుకోలేక, గంజాయిని మందుగా అనుమతించమని కెంటకీ చట్టసభ ముందు గొంతు విప్పిన మొదటి మనిషి. ఆ గొంతు ఇచ్చిన బలంతోనే సెనేటర్ నదీన్ పర్డమ్ అనే నేను ఆ చట్టాన్ని ఒడ్డుకు చేర్చాను. ఇప్పుడు ఓమా ఊపిరితిత్తుల్లో బూజు పెరుగుతోంది. మరో ఇద్దరు రోగులకూ అదే జబ్బు. ముగ్గురూ ఆవిరి పట్టి పీల్చిన గంజాయి మొగ్గలు ఒకే కొట్టంలో ఆరాయి. ఆ కొట్టం డోర్సీ సెటిల్స్‌ది.

ఆ పంటను ల్యాబ్ రెండుసార్లు పరీక్షించి శుభ్రంగా ఉందని చెప్పింది. కాబట్టి ల్యాబ్ వాళ్ళు లంచం తిన్నారని ఊరూ, పత్రికలూ, నేను నడిపే సెనేట్ కమిటీ సభ్యుల్లో సగం మందీ తేల్చేశారు. రేపు ఉదయం రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ల్యాబ్ యజమానురాలిని నా ముందు కూర్చోబెట్టి కడిగేస్తారు. గది వేడెక్కాక సెనేటర్ రాయిస్ వాండివర్ లేచి, చట్టాన్నే రద్దు చేయాలని తీర్మానం పెడతాడు. ఓట్లు ఆయన దగ్గర ఉన్నాయి. ఆ తీర్మానం గెలిస్తే, ఈ మందు వల్ల మూర్ఛలు తగ్గిన పిల్లలూ నొప్పి తగ్గి నిద్రపోతున్న ముసలివాళ్ళూ మళ్ళీ సందుల్లో అమ్మేవాళ్ళ దగ్గరికి పోవాల్సిందే.

లంచం కథ నాకు నచ్చలేదు. జనానికి కోపం వచ్చినప్పుడు వాళ్ళు వెతికేది కారణం కాదు, ముఖం. ల్యాబ్ యజమానురాలి ముఖం చేతికి అందింది, అంతే. నేను వేరే చోట వెతకదలిచాను. అందుకే ఈ మధ్యాహ్నం సొంతంగా కారు నడుపుకుంటూ డోర్సీ మావయ్య దగ్గరికి బయలుదేరాను.

డోర్సీ నాకు చుట్టం కాదు. మా నాన్నతో కలిసి పొగాకు వేసినవాడు. మా ప్రాంతంలో అలాంటివాళ్ళను మావయ్య అనకపోతే అమ్మ చెంప పగలగొడుతుంది.

వారం రోజులుగా గాలి పొడిగా ఉండింది. పెదాలు పగిలేంత పొడి. ఈ రోజు మాత్రం తెల్లవారుజామునే దక్షిణపు గాలి తిరిగింది. కారు అద్దం దించగానే చెంపలకు చెమ్మ తగిలింది. వాగు మీద తెల్లగా ఏదో లేస్తోంది. నా లోపల ఎక్కడో చిన్న సంతోషం కదిలింది. ఎందుకో తెలియలేదు. కారణం చెప్పకుండా వచ్చిన సంతోషాన్ని నేను ఎప్పుడూ అనుమానిస్తాను, అది ఏదో పాత ఇంట్లోంచి వస్తుంది కాబట్టి. కానీ ఆ క్షణాన దాన్ని వెంబడించలేదు.

కొట్టం గుట్ట మీద ఉంది. నల్ల రంగు వేసిన పాత పొగాకు కొట్టం. గోడల పొడవునా నిలువు చెక్క రెక్కలు, గాలి కోసం తెరవడానికీ మూయడానికీ. ఇప్పుడు వాటి వెనక ఇనుప జాలీ ఉంది, మూలమూలకీ కెమెరా ఉంది, పెద్ద తలుపుకి తాళం ఉంది. అవన్నీ మా చట్టం పెట్టించినవే. మిగతాదంతా నా చిన్నప్పటిలాగే ఉంది. పక్కనే వలిచే గది. పొగాకు రోజుల్లో ఆకు వలిచేవాళ్ళు, ఇప్పుడు మొగ్గలు కత్తిరిస్తున్నారు.

డోర్సీ ఒక్కడే ఉన్నాడు. పొడవాటి బల్ల ముందు కూర్చుని, రేడియోలో బాస్కెట్‌బాల్ వింటూ కత్తెర ఆడిస్తున్నాడు.

"ఎవరొచ్చారో చూడు! సెనేటరమ్మ బూట్లకి మట్టి అంటుకుందే! ఫోటోగ్రాఫర్ ఏడీ?"

"ఫోటోలకైతే లిప్‌స్టిక్ వేసుకుని వచ్చేదాన్ని, మావయ్యా."

"వేసుకున్నా ఒకటే. మీ నాన్న మొహమే నీది. గాడిదని బేరమాడే మొహం." నవ్వి రేడియో గొంతు తగ్గించాడు. కట్టెయ్యలేదు. "చేతులు కడుక్కో. తొడుగులు వేసుకో. రూలు పెట్టింది నువ్వేగా, ఇప్పుడు నువ్వే చావు."

కడుక్కున్నాను, తొడుక్కున్నాను. బల్ల మీద కర్రకు గుచ్చిన మొక్కలు తలకిందులుగా పడి ఉన్నాయి, అచ్చం పొగాకు కర్రల్లాగే. వాటి పక్కన ఇంకా కత్తెర పడని మొగ్గల గుట్ట. నేను ఒక కొమ్మను తీసుకున్నాను. ఏమీ ఆలోచించలేదు. కుడిచేతి తొడుగు తీసేసి, వట్టి వేళ్ళతో కాడను వంచాను.

వంగింది.

విరగలేదు. మెత్తగా, మర్యాదగా, తోలు బెల్టులాగా వంగింది. ఆకు వేలికి అతుక్కుంది. మళ్ళీ అదే సంతోషం, ఈసారి గట్టిగా, కడుపులోంచి. ఇప్పుడు దానికి పేరు దొరికింది.

పదును.

పొగాకు ఇంట్లో పుట్టినవాళ్ళకి ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు. ఎండి గలగలలాడే ఆకును ముట్టుకుంటే పొడైపోతుంది. పంటంతా నేల పాలవుతుంది. అందుకని శీతాకాలంలో చెమ్మగాలి కోసం కాచుకుని ఉంటారు. పొగమంచు దిగిన రోజున కొట్టం రెక్కలన్నీ తెరిచేస్తారు. ఆకు తేమ తాగి మెత్తబడుతుంది. పదునుకొస్తుంది. అప్పుడు దించుతారు, వలుస్తారు. నాన్న పొద్దున్నే తలుపు తట్టి "పదునొచ్చింది, లేవండి" అనేవాడు. ఆ రోజు బడి ఉండదు. అందరం ఒకే గదిలో, ఒకే పొయ్యి చుట్టూ. నా చిన్నతనంలో మా నాన్న పాడగా విన్నది అలాంటి రోజుల్లోనే.

నా వేళ్ళు ఆ కొమ్మను వదిలిపెట్టలేదు. శరీరం ఒక విషయాన్ని ప్రేమిస్తున్నప్పుడు అది ప్రమాదమని బుద్ధి చెప్పడం ఎంత కష్టమో ఆ అర నిమిషంలో నాకు అర్థమైంది. ఇంత కాలం డోర్సీకి ఎందుకు తట్టలేదో కూడా అర్థమైంది.

"మావయ్యా, ఇది పదునుకి తెచ్చావా?"

"తేకపోతే? గలగలలాడేదానికి కత్తెర వేస్తే చేతికి పిండి మిగులుద్ది." ఆయన గొంతులో గర్వం. "ఆ పెద్ద కంపెనీలోళ్ళ సరుకు చూశావా, సీసా ఊపితే గిలక్కాయలాగా మోగుద్ది. మనది చూడు. ముట్టుకుంటే పట్టు."

"ల్యాబ్ వాళ్ళు నమూనా ఎప్పుడు తీసుకెళ్ళారు?"

"ఎండినాక. రూలు అదేగా. గలగలా ఎండినాక ల్యాబు అమ్మాయి వచ్చి, తనే కోసుకుని పోయింది. నేను వేలు కూడా పెట్టలా."

"రెక్కలు తెరిచింది ఎప్పుడు?"

"శుభ్రంగా ఉందని ఫోనొచ్చినాక. పొగమంచు ఎప్పుడొస్తే అప్పుడు."

రేడియోలో ఎవరో గురి తప్పారు. జనం ఉసూరుమన్నారు.

ల్యాబ్ అబద్ధం చెప్పలేదు. డోర్సీ అబద్ధం చెప్పలేదు. మొగ్గ ఎండి ఉన్నప్పుడు శుభ్రంగానే ఉంది. ఆ తర్వాత ఎవరో దాన్ని మళ్ళీ తడుపుతారని చట్టం రాసిన గదిలో ఎవరికీ తోచలేదు. ఎండబెట్టినదాన్ని మళ్ళీ ఎవడు తడుపుతాడు? ఈ గుట్టల్లో పుట్టినవాడు తడుపుతాడు. తడపకపోతే వాడికి చేతులు ఊరుకోవు. చిక్కు ఎక్కడుందో ఇప్పుడు నా వేళ్ళకి తెలుసు. చట్టంలో ఏ ముక్క మార్చాలో కూడా స్పష్టంగా కనిపించింది. నమూనా తీయాల్సింది సీసా మూత బిగించే ముందు. అంతే. రేపు ఈ మాట చెప్పగలిగితే చట్టం నిలబడుతుంది. కానీ నేను చెబితే అది ఊహ అవుతుంది. చెప్పాల్సింది నా ఎదురుగా కూర్చున్న మనిషి.

"మావయ్యా, కత్తెర కింద పెట్టు."

"ఎందుకు?"

"బూజు ఇక్కడే పుడుతోంది. పదునుకొచ్చినదాన్ని సీసాలో పెట్టి మూత బిగిస్తున్నావు. లోపల తేమ ఉక్కిరిబిక్కిరై..."

"బూజా?" ఆయన లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. "నాకు బూజు గురించి చెబుతున్నావా? బూజు పట్టిన ఆకు నా కొట్టంలోంచి ఒక్కటి పోయిందా ఎన్నడైనా? మీ నాన్న ఎట్టా చేశాడో అట్టాగే చేస్తన్నా. ఆయన చేసింది తప్పంటావా? సమాధి దగ్గరికి పోయి అను చూద్దాం!"

నేను కదల్లేదు. ఎదుటివాడి కోపం ఎవరి మీదో కనిపెట్టడం నా వృత్తిలో సగం పని. ఈ కోపం నా మీద కాదు. అది ముందే లోపల సిద్ధంగా ఉండింది, ఎవరైనా తలుపు తడితే చాలన్నట్టు. తెలియని విషయం విన్నవాడు ముందు ఆశ్చర్యపోతాడు. డోర్సీ ఆశ్చర్యపోలేదు.

"నాన్న తప్పు చెయ్యలేదు," అన్నాను. "నాన్న ఆకు ఎక్కడికి పోయేది?"

"వేలానికి."

"అక్కణ్ణించి?"

ఆయన కత్తెర బల్ల మీద పెట్టాడు.

"ఫ్యాక్టరీకి," అన్నాను నేనే. "అక్కడ ఏం చేసేవాళ్ళు ముందు?"

"మళ్ళీ ఆరబెట్టేవాళ్ళు," అన్నాడు. గొంతు సగానికి పడిపోయింది.

"ఇప్పుడు మన వెనక ఫ్యాక్టరీ లేదు మావయ్యా. నీ చేతిలోంచి తిన్నగా ఓమా ఊపిరితిత్తుల్లోకే పోతోంది. ఆరోగ్యంగా ఉన్నవాడైతే దగ్గి ఊరుకుంటాడు. క్యాన్సర్ మందులు తీసుకుంటున్న మనిషికి ఆ దగ్గడానికి కూడా బలం లేదు."

తలుపు తోసుకుని యూలా అత్త వచ్చింది. డోర్సీ భార్య. చేతిలో మా వైపు బిస్కెట్లు అనే మెత్తటి రొట్టెల పళ్ళెం, మీద గుడ్డ కప్పి ఉంది. పక్కన జొన్నకాడల తీపి పాకం సీసా.

"అరుపులు వంటింట్లోకి వినపడుతున్నాయి. అరుచుకుంటే అరుచుకున్నారు, వేడివేడిగా తిని అరుచుకోండి. చల్లారితే ఇవి తలుపుకి అడ్డం పెట్టుకోవడానికే పనికొస్తాయి." పడిపోయిన కుర్చీని చూసింది. మా ఇద్దరి మొహాలూ చూసింది. పళ్ళెం నా చేతిలో పెట్టింది. "చెప్పాడా?"

"ఏం చెప్పాలి అత్తా?"

"యూలా!" అన్నాడు డోర్సీ.

"ఉండవయ్యా. నీ మావయ్య రెండు ఆదివారాల్నించి చర్చికి రావడంలేదే అమ్మడూ. మోకాలు నొప్పంట. ఆ మోకాలేసుకునే రోజూ ఈ గుట్ట ఎక్కుతున్నాడు. ఆర్గన్ ముందు బెంచీ ఖాళీగా ఉంటే చూడలేడు, అదీ నొప్పి." ఆమె గుడ్డ మడిచి భుజం మీద వేసుకుంది. "నేను ఆసుపత్రికి పోయి ఓమా దగ్గర కూర్చుని వస్తూనే ఉన్నా. ఈయన కారులోంచి దిగడు."

డోర్సీ టోపీ తీశాడు. ఆయన నెత్తిన టోపీ లేకుండా నేను చూసింది నాన్న అంత్యక్రియల్లో మాత్రమే. టోపీ అంచును వేళ్ళతో తిప్పుతూ, బల్ల మీది మొగ్గలవైపు చూస్తూ ఉండిపోయాడు. తెలుసుకోవడానికీ ఒప్పుకోవడానికీ మధ్య ఒక గది ఉంటుంది. మనిషి ఆ గదిలో ఏళ్ళ తరబడి కాపురం చేయగలడు, ఎవరూ తలుపు తెరవకపోతే.

"అనుమానం వచ్చింది," అన్నాడు. "ఆసుపత్రిలో బూజు అన్న మాట విన్నప్పుడే వచ్చింది. కానీ ల్యాబు శుభ్రం అంటోంది కదా అనుకున్నా. వాళ్ళు చదువుకున్నోళ్ళు కదా అనుకున్నా. ల్యాబోళ్ళు లంచం తిన్నారని ఊరంతా అంటంటే..." ఆగాడు. "నేను కాదనలా."

"రేపు అను."

"ఎక్కడ?"

"ఫ్రాంక్‌ఫర్ట్‌లో. నా కమిటీ ముందు. నాకు చెప్పిందే అక్కడ చెప్పు."

"మైకు ముందు కూర్చుని నేను తెలివితక్కువోణ్ణని చెప్పుకోవాలా? నా పేరు పెట్టి నవ్వుతారు. నా లైసెన్సు పీకుతారు."

"లైసెన్సు ఆపుతారు. నేనే ఆపమంటాను. ఈ సరుకంతా తగలబెట్టాల్సిందే, అది కూడా నేనే అడుగుతాను. నీకు అబద్ధం చెప్పను." ఆయన కళ్ళలోకి చూశాను. "కానీ నీ తెలివికి తక్కువేం లేదు. అది వేరే పంట తెలివి. ఆ మాట నీ నోటితో చెబితే ఆ గదిలో ఎవరికీ నవ్వు రాదు. సగం మంది పొగాకు ఇళ్ళవాళ్ళే. వాళ్ళ వేళ్ళకీ తెలుసు."

"నువ్వు చెప్పకూడదా నా బదులు?"

"నేను చెబితే నాన్న స్నేహితుణ్ణి కాపాడుతున్నానంటారు. నువ్వు చెబితే నిజమంటారు."

యూలా అత్త బిస్కెట్ విప్పి, లోపల పాకం పోసి, ఆయన చేతికిచ్చింది. ఆయన తినలేదు. దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"సూటు ఇస్త్రీ చేయనా?" అంది ఆమె.

"చెయ్యి," అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాటతో రేపటి సభ నా చేతిలోకి వచ్చింది. వాండివర్ దగ్గర ఓట్లు ఉండొచ్చు. నా దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పే మనిషి ఉన్నాడు. బిస్కెట్ కొరికాను. ఆకలిగా ఉందని అప్పుడు తెలిసింది.

డోర్సీ బయటికి నడిచాడు. ఆయన వెంట నేనూ. కొట్టం పొడవునా రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. వాగు మీద లేచిన తెలుపు అప్పటికే గుట్ట సగం దాకా ఎక్కింది. దాని మొదటి పాయలు జాలీలోంచి లోపలికి జారుతున్నాయి. ఆయన ఒక చివర నుంచి మొదలుపెట్టి ఒక్కో రెక్కా మూసి, గడియ వేస్తూ వచ్చాడు. నేను రెండో చివర నుంచి మొదలుపెట్టాను. చెక్క చెక్కకు తగిలి టప్పుమంటోంది. మధ్యలో కలుసుకున్నాం.

చివరి గడియ మీద చెయ్యి ఉంచి ఆయన నావైపు తిరిగాడు.

"అమ్మడూ, నేనొక్కణ్ణే అనుకుంటున్నావా?"

"అంటే?"

"మర్చిపోయావా? పొగాకు పోయిన రైతులకి ఈ పంట నేర్పమని నన్ను పంతుల్ని చేసింది ఎవరు? ఈ లోయలో లైసెన్సు ఉన్న ప్రతివాడూ ఈ వలిచే గదిలోనే కూర్చుని నేర్చుకున్నాడు. పదునుకి తెచ్చేదాకా కత్తెర పట్టొద్దని బల్ల గుద్ది చెప్పినా." గాలి వాసన చూశాడు. "వారమంతా పొడి. ఇయ్యాళ మొదటి మంచు. విను."

విన్నాను.

మొదట ఏమీ లేదు. తర్వాత కింద, తెల్లదనం లోపల ఎక్కడో, టప్. మళ్ళీ టప్. వాగుకి అవతలి గుట్ట మీద ఒక కొట్టం రెక్కలు తెరుచుకుంటున్నాయి. దాని వెనక ఇంకొకటి, దూరంగా. ఎడమవైపు మరొకటి. లోయంతా ఒకరి తర్వాత ఒకరు మంచుకు తలుపులు తీస్తున్నారు. చిన్నప్పుడు ఇదే శబ్దానికి నేను మంచంలో నవ్వుకునేదాన్ని.

"యూలా! ఫోను!" అని అరిచాడు డోర్సీ. వలిచే గదిలోంచి ఆమె ఫోను తెచ్చింది. ఆయన ఒక్కొక్కరికీ చేయడం మొదలుపెట్టాడు. "నేనురా, డోర్సీని. మూసెయ్. ఎందుకని అడగొద్దు, మూసెయ్. రేపు నీకు చెబుతా, ఊరంతటికీ చెబుతా." ఆయన గొంతులో మళ్ళీ పంతులు. టప్ టప్ శబ్దాలు ఒకచోట ఆగాయి. ఇంకోచోట ఆగాయి.

అన్నిటికంటే దగ్గరిది మాత్రం ఆగలేదు. వాగుకి అవతలిది.

"అది ఎవరిది?"

డోర్సీ ఫోను దించాడు. "రాయిస్ వాండివర్ అల్లుడిది. నా ఫోను ఎత్తడు. నీ పక్షమని నా మీద గుర్రు." ఒక్క క్షణం ఆగి, కన్ను చికిలించాడు. "ఎత్తకపోతే పోనీలే. తెరుచుకోనీ. రేపు అందరి ముందూ అడుగు, మీ అల్లుడి కొట్టం సంగతేంటి వాండివర్ గారూ అని. నోరు అక్కడే పడిపోద్ది. ఇంతకంటే మంచి దెబ్బ నీకు జన్మలో దొరకదు."

మంచి దెబ్బే. దాని బరువు నా చేతికి తెలిసింది. రాజకీయాల్లో ఇన్నేళ్ళున్న మనిషికి అలాంటిది చేతికి వస్తే వేళ్ళు వాటంతట అవే ముడుచుకుంటాయి. అది కూడా ఒక అలవాటే, పదునులాగే. ముట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందో ఆ హాయి అడగదు.

నేను నా ఫోను తీసి రాయిస్‌కి చేశాను. రెండో మోతకే ఎత్తాడు.

"ఏమ్మా చైర్‌పర్సన్ గారూ! లొంగిపోవడానికా ఈ ఫోను? రేపటిదాకా ఆగలేకపోయావా?"

"రాయిస్, మీ అల్లుడికి చెప్పి కొట్టం రెక్కలు మూయించండి. ఇప్పుడే. లోపల ఆరుతున్నదీ, ఇంతకుముందు సీసాల్లో పెట్టిందీ ఏదీ బయటికి పోకూడదు. బూజు పుట్టేది అక్కడే. రేపటి సంగతి రేపు కొట్లాడుకుందాం, ముందు మూయించండి."

అటునుంచి నవ్వు వస్తుందనుకున్నాను. ఎత్తిపొడుపు వస్తుందనుకున్నాను. ఏమీ రాలేదు. ఎక్కడో తలుపు మూసుకున్న చప్పుడు, ఆయన వేరే గదిలోకి వెళ్ళినట్టు.

"నదీన్," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. గొంతు ఎంత తగ్గించాడంటే, నేను రెండో చెవి మూసుకోవాల్సి వచ్చింది. "ఆ సీసాలు మా ఇంట్లో ఉన్నాయని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మీ ఇంట్లో ఎందుకున్నాయి రాయిస్?"

వాగు అవతల ఇంకో రెక్క తెరుచుకుంది.

"మా ఆవిడకి," అన్నాడు. "వేసవి నుంచి. ఎవరికీ తెలీదు. నిన్నట్నించి దగ్గుతోంది."